డ్రయ్యర్ తిరుగుతోంది కానీ వేడి లేదు: బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసింది ముందు క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. హైదరాబాద్ మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, ఆరో అంతస్తు. 7 కిలోల వెంటెడ్ డ్రయ్యర్, కొని నాలుగేళ్ళు. మొన్న వానలో, బట్టలు ఆరుతుండగా మధ్యలో కరెంటు పోయింది, ముప్పావుగంటకి వచ్చింది. అప్పటి నుంచి లైట్లు వెలుగుతున్నాయి, డ్రమ్ము తిరుగుతోంది, గంటన్నర తిప్పినా బట్టలు చల్లగా, తడిగానే బయటికి వస్తున్నాయి. ఒక మెకానిక్ వచ్చి, వెనక మూత కూడా విప్పకుండా, బోర్డు (మెషీన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) పోయింది, 8,500 అవుతుందన్నారు. ఇంట్లో మూడు నెలల పాప ఉంది, బట్టలు ఆరక టెన్షన్‌గా ఉంది, బోర్డు మార్చాలా కొత్తది కొనాలా అని అడిగారు.

ఇప్పుడే బోర్డు మార్చకండి, కొత్తదీ కొనకండి. మీరు చెప్పిన లక్షణాలకి నేను మొదట అనుమానించేది హీటర్ దగ్గర ఉండే సేఫ్టీ థర్మోస్టాట్‌ని, లేదా థర్మల్ ఫ్యూజ్‌ని. వేలల్లో పోయే వస్తువులు కావవి. బోర్డు పోయే అవకాశం లేదనను, కానీ మీటరు (వోల్టులు, ఓమ్స్ కొలిచే మల్టీమీటరు) పెట్టకుండా ఆ మాట చెప్పకూడదు.

నేను ఇరవై రెండేళ్ళుగా వాషింగ్ మెషీన్లు, డ్రయ్యర్లు రిపేరు చేస్తున్నాను. మొదట మూసాపేటలో ఒకరి షాపులో పనికి కుదిరాను, తర్వాత సొంతంగా. పదేళ్ళ కిందట విడి డ్రయ్యర్ కోసం నెలకి ఒక్క ఫోను రావడమే ఎక్కువ. మన ఎండలకి డ్రయ్యర్ ఎందుకు అనేవాళ్ళు. ఇప్పుడు బాల్కనీలో బట్టలు కనబడకూడదని అసోసియేషన్ రూల్సు, యుటిలిటీకి అద్దాలు, వాటి మీద పావురాల వల. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాకు ఫోను ఆగదు. అందులో మీలాంటి కేసు చాలాసార్లు చూశాను, కాబట్టి కారణం వివరంగా చెప్తాను.

వెంటెడ్ డ్రయ్యర్ పని సులువుగానే ఉంటుంది. గదిలోని గాలిని పీల్చుకుంటుంది, ఆ గాలి హీటర్ కాయిల్ మీదుగా వెళ్ళి వేడెక్కి డ్రమ్ములోకి వస్తుంది, బట్టల తడిని పట్టుకుని, నూగు ఆపే జాలీ దాటి, పైపు గుండా బయటికి పోతుంది. హీటర్ సుమారు 2,000 వాట్లు ఉంటుంది. ఆ కాయిల్ హద్దు మీరి వేడెక్కకుండా కాపాడేది దాని మీదుగా పోయే గాలే. గాలి ఆగితే ఆ వేడి వెళ్ళడానికి దారి ఉండదు.

మీ ఇంట్లో కరెంటు పోయిన క్షణంలో ఫ్యాను ఆగిపోయింది. కాయిల్ మాత్రం అప్పటిదాకా కాలి ఉంది. ఆ వేడంతా హీటర్ డబ్బా దగ్గరే నిలబడిపోయింది. అలాంటప్పుడు నిప్పు పుట్టకుండా హీటర్‌కి కరెంటు తెంచేయడానికే ఆ థర్మోస్టాట్లు పెడతారు. అవి మూడు రకాలు. ఒకటి చల్లారగానే తనంతట తానే కలుస్తుంది. రెండోదానికి మధ్యలో చిన్న బొత్తాం ఉంటుంది, చల్లారాక చేత్తో నొక్కాలి. మూడోది థర్మల్ ఫ్యూజ్, ఒక్కసారి తెగిందంటే మార్చాల్సిందే. చాలా మోడళ్ళలో ఇవి హీటర్ దారిలోనే ఉంటాయి, మోటారు దారి వేరు. అందుకే డ్రమ్ము మామూలుగా తిరుగుతుంది, లైట్లు మామూలుగా వెలుగుతాయి, వేడి ఒక్కటే ఉండదు. మీరు రాసింది అచ్చం ఇలాగే ఉంది.

అయితే ఒక మాట. గాలి బాగా ఆడే మెషీన్ ఒక్క కరెంటు కోతకి సాధారణంగా తట్టుకుంటుంది. మీది తట్టుకోలేదంటే, అంతకుముందే గాలి దారి సగం మూసుకుపోయి, కాయిల్ మామూలు కన్నా ఎక్కువ వేడిమీద నడుస్తూ ఉండాలి. ఈ మధ్య బట్టలు ఆరడానికి ముందుకన్నా ఎక్కువసేపు పడుతోందా? గుర్తు చేసుకోండి. అవునంటే నా అనుమానం దాదాపు నిజమే.

ఇక మీరు చేయగలిగింది చెప్తాను. అన్నిటికన్నా ముందు ప్రోగ్రాం చూడండి. కరెంటు వచ్చాక కొన్ని మెషీన్లు పాత ప్రోగ్రాం మర్చిపోతాయి, వేడి లేకుండా గాలి మాత్రమే తిప్పే సెట్టింగ్ మీద ఉండిపోతాయి. కాటన్ ప్రోగ్రాం పెట్టి పది నిమిషాలు తిప్పి తలుపు తీసి చెయ్యి పెట్టండి. చల్లగానే ఉంటే ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు సాకెట్ నుంచి బయటికి రావాలి. గంటసేపు చల్లారనివ్వండి.

తర్వాత జాలీ. నూగు చేత్తో తీసేస్తే శుభ్రమైపోయిందని అందరూ అనుకుంటారు. కుళాయి కింద పట్టి చూడండి. నీళ్ళు జాలీ దాటి పోకుండా నిలబడితే, కంటికి కనిపించని పొర దాన్ని మూసేసిందని అర్థం. ఫ్యాబ్రిక్ కండిషనర్ ఎక్కువ వాడే ఇళ్ళలో, గంజి పెట్టిన కాటన్ చీరలు డ్రయ్యర్‌లో వేసే ఇళ్ళలో ఇది ఖాయంగా ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్ చాలు. రుద్ది, కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. జాలీ కూర్చునే గాడిలో కూడా నూగు ఉంటుంది, సన్నటి బ్రష్షుతో లాగండి.

ఇప్పుడు గాలి బయటికి పోయే పైపు, అది చేరే చోటు. మన ఊళ్ళో అసలు సమస్య ఇక్కడే. బాచుపల్లిలో ఒక ఇంటికి వెళ్తే మూడుసార్లు ఫ్యూజ్ మార్చారని చెప్పారు, మూడుసార్లూ వేరే మెకానిక్. నేను పైపు విప్పి చూస్తే లోపల ఏమీ లేదు. బయటికి వంగి చూస్తే పైపు మూతికి జానెడు దూరంలో పావురాల వల, దాని కన్నాలన్నీ నూగుతో నిండి కంబళిలా తయారై ఉంది. గాలి వెళ్ళి ఆ గోడకి కొట్టుకుని తిరిగి వస్తోంది. వల అంతమేర కత్తిరించి, పైపు మూతికి రెక్కలుండే కవర్ పెట్టాం. అక్కడ నాలుగో ఫ్యూజే ఇంకా నడుస్తోంది. ఇంకో ఇంట్లో పైపులోనే పావురం గూడు కట్టింది. మీరు ఆరో అంతస్తు, వల తప్పకుండా ఉండి ఉంటుంది. పైపు మెలికలు పడిందా, మెషీన్ వెనక్కి జరిగి గోడకి నొక్కుకుపోయిందా అనేది కూడా చూడండి. పైపు ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. బయటికి వంగి చూడాల్సి వస్తే ఆరో అంతస్తులో మీరు ఆ పని చేయకండి, మనిషిని పిలవండి.

ఇవన్నీ అయ్యాక ప్లగ్గు పెట్టి మళ్ళీ పది నిమిషాలు నడపండి. తనంతట కలిసే రకమైతే ఈపాటికి వేడి వచ్చి ఉంటుంది. రాకపోతే వెనక మూత విప్పాలి. ఇంట్లో మీటరు ఉండి, దాన్ని వాడటం తెలిస్తేనే మీరు చేయండి, లేకపోతే కింది మాటలు వచ్చే మెకానిక్‌కి చూపించండి.

ప్లగ్గు మళ్ళీ పీకి, మూత తీస్తే హీటర్ రేకు డబ్బా మీద బొత్తాల్లాంటి గుండ్రటి థర్మోస్టాట్లు కనిపిస్తాయి. మధ్యలో చిన్న ఎర్ర బొత్తాం ఉంటే నొక్కండి, టిక్ మని చప్పుడు వస్తే అది ట్రిప్ అయి ఉన్నట్టే. మిగతావాటికి ఒక వైపు వైరు పీకి మీటరు పెట్టాలి. చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్, ఫ్యూజ్ రెండూ సున్నా ఓమ్స్ దగ్గర చూపించాలి. ఏమీ చూపించకపోతే అదే దొంగ. హీటర్‌కి లెక్క సులువు: 230ని 230తో హెచ్చవేసి వాట్లతో భాగించండి. 2,000 వాట్లకి 26 ఓమ్స్, 2,500 వాట్లకి 21 ఓమ్స్ చుట్టుపక్కల రావాలి. అస్సలు రాకపోతే కాయిల్ తెగింది. కాయిల్‌కీ బాడీ రేకుకీ మధ్య ఏ రీడింగూ రాకూడదు, వస్తే ఎర్త్ అవుతోంది, అంటే కరెంటు బాడీలోకి లీకవుతోంది, ఆ హీటర్ మళ్ళీ వాడకూడదు. మోటారు పక్కన డబ్బాలాంటి కెపాసిటర్ ఉంటుంది, మన మెకానిక్‌లు కండెన్సర్ అంటారు. ప్లగ్గు పీకినా అందులో కరెంటు నిలవ ఉండొచ్చు, దాని జోలికి పోకండి. కరెంటు ఉండగా చేసే పరీక్ష ఏదీ ఇంట్లోవాళ్ళు చేయొద్దు.

తెగిన భాగం మీద ఉష్ణోగ్రత, ఆంపియర్లు రాసి ఉంటాయి. కొత్తది అవే అంకెలతో ఉండాలి. కంపెనీ సర్వీస్‌లో దొరక్కపోతే కోఠి గుజరాతీ గల్లీలో పాతది చూపించి అడగండి, నేను చాలా సార్లు అక్కడే తెచ్చుకుంటాను. ఎక్కువ ఉష్ణోగ్రతది ఇస్తాం, ఇక పోదు అంటే వద్దనండి.

ఎవరైనా "ఫ్యూజ్ డైరెక్ట్ చేసేస్తా, ఇక ఇబ్బంది ఉండదు" అంటే ఒప్పుకోవద్దు. ఈ ఒక్క మాట కోసమైనా ఇంత పొడుగు సమాధానం రాయాలనిపించింది. డైరెక్ట్ చేయడమంటే తెగిన చోట వైరు ముక్క కలిపేయడం. వేడి వెంటనే వస్తుంది, మెషీన్ బ్రహ్మాండంగా నడుస్తుంది, మెకానిక్‌కి పేరొస్తుంది. కానీ ఇకమీదట గాలి ఆగితే హీటర్‌ని ఆపేవాడు ఉండడు. హైదర్‌నగర్‌లో ఒక ఇంట్లో బెల్టు మార్చడానికి పిలిస్తే, మూత తీయగానే డబ్బా చుట్టూ నూగు గోధుమ రంగులో మాడి ఉంది, ఫ్యూజ్ ఉండాల్సిన చోట వైరు ముక్క ఉంది. ఆ ఇంట్లోవాళ్ళు రోజూ రాత్రి డ్రయ్యర్ వేసి పడుకునేవాళ్ళు. నాకు ఆ రోజు చేతులు వణికాయి. అమెరికాలో అగ్నిమాపక శాఖ 2008 నుంచి 2010 దాకా తీసిన లెక్కల్లో ఇళ్ళలో డ్రయ్యర్ల వల్ల ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయి, అన్నిటికన్నా పెద్ద కారణం శుభ్రం చేయకపోవడమే. అక్కడ డ్రయ్యర్ ఇంటింటా ఉంది కాబట్టి వాళ్ళకి లెక్క తెలిసింది. మనకి ఇప్పుడిప్పుడే వస్తోంది.

బోర్డు సంగతి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు వోల్టేజీ ఎగిరి బోర్డులు పోవడం నిజమే, కానీ అలా పోయినప్పుడు ఎక్కువగా మెషీన్ మొత్తం చచ్చిపోతుంది, లైటు కూడా రాదు. మీ బోర్డుకి లైట్లు ఉన్నాయి, బొత్తాలు పనిచేస్తున్నాయి, మోటారు తిప్పుతోంది. ఇక బోర్డులో ముందు అనుమానించాల్సింది హీటర్‌కి కరెంటు పంపే రిలే అనే చిన్న స్విచ్‌ని. హీటర్, థర్మోస్టాట్లు, ఫ్యూజ్, వేడి కొలిచే సెన్సర్ అన్నీ బాగున్నాయి, అయినా నడిచేటప్పుడు హీటర్‌కి 230 వోల్టులు చేరడం లేదంటే అప్పుడు బోర్డు అని నమ్మొచ్చు. అప్పుడు కూడా రిలే మార్చి బోర్డు బాగుచేసేవాళ్ళు సిటీలో ఉన్నారు, మొత్తం బోర్డు కొనేముందు అడిగి చూడండి. మెకానిక్‌ని "మీటరు రీడింగ్ నాకు చూపించండి, తీసిన పాత భాగం నాకే ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. పని తెలిసినవాడు దీనికి నొచ్చుకోడు.

ఇదే ఇబ్బందితో వేరేవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి మిగతా లక్షణాలు త్వరగా చెప్పేస్తాను. అసలు లైటే రాకపోతే ముందు సాకెట్ చూడండి. డ్రయ్యర్ పది, పన్నెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకూడదు. ప్లగ్గు పిన్నులు నల్లబడితే సాకెట్ వదులైంది. లైట్లు వచ్చి స్టార్ట్ కాకపోతే తలుపు స్విచ్. నొక్కినప్పుడు టిక్ మనకపోతే అదే. మోటారు హమ్మని మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్, లేదా డ్రమ్ములో ఏదైనా ఇరుక్కోవడం. మోటారు తిరుగుతూ డ్రమ్ము తిరగకపోతే బెల్టు తెగింది. చేత్తో తిప్పితే డ్రమ్ము మరీ తేలికగా తిరుగుతుంది, తెలిసిపోతుంది. స్టార్ట్ చేసిన వెంటనో, వేడెక్కాకో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే మెయిన్ స్విచ్) పడిపోతుంటే హీటర్ ఎర్త్ అవుతోంది. దాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తకండి. తడి ఉండగానే "అయిపోయింది" అని ఆగిపోతే, డ్రమ్ము అంచున తడిని పసిగట్టే రెండు లోహపు పట్టీల మీద కండిషనర్ పొర పేరుకుంది. గుడ్డకి కాస్త వెనిగర్ అద్ది తుడవండి, సగం కేసులు అక్కడే తీరిపోతాయి. వేడి ఉంది కానీ ఆలస్యమవుతోంది అంటే గాలి దారి, లేదా వోల్టేజీ. 180కి పడితే హీటర్ శక్తి 60 శాతానికి తగ్గిపోతుంది.

కండెన్సర్ రకం డ్రయ్యర్లకి బయటికి పైపు ఉండదు, నీళ్ళు డబ్బాలోకి చేరతాయి. డబ్బా నిండినా ఆగిపోతుంది, లోపలి కండెన్సర్ (ఇది కెపాసిటర్ కాదు, ఆవిరిని చల్లార్చి నీళ్ళు చేసే భాగం) రేకుల మధ్య నూగు నిండినా ఆరదు. హీట్ పంప్ రకంలో హీటర్ బదులు ఫ్రిజ్‌లాగా గ్యాస్ ఉంటుంది. జాలీలు శుభ్రం చేయడం వరకే మీ పని. కొన్నిటిలో ఆర్290 అనే మండే గ్యాస్ ఉంటుంది, మామూలు మెకానిక్‌ని దాని పైపులు ముట్టుకోనివ్వకండి. వాషర్ డ్రయ్యర్ కలిసి ఉన్న మెషీన్లు చాలావరకు ఆవిరిని చల్లార్చడానికి చల్లటి నీళ్ళు వాడతాయి, కుళాయి కట్టేసి డ్రై పెడితే ఆరవు. మే నెలలో ట్యాంకు నీళ్ళు సలసలా వస్తాయి కదా, అప్పుడు ఇవి నెమ్మదిస్తే రిపేరు అనుకోవద్దు. సెమీ ఆటోమేటిక్‌లో పక్క టబ్బునీ మన ఇళ్ళలో డ్రయ్యర్ అనే అంటాం. అది వేడితో ఆరబెట్టదు, తిప్పి పిండుతుంది. అది ఆగితే మూత స్విచ్, బ్రేకు వైరు, కెపాసిటర్ ఈ మూడే ముందు చూడాలి.

అమెరికా నుంచి సామానుతో పాటు డ్రయ్యర్ తెచ్చుకునేవాళ్ళు కూడా కోకాపేట, గచ్చిబౌలి వైపు తగులుతున్నారు. అక్కడి మెషీన్‌లో హీటర్‌కి 240 వోల్టులు, మోటారుకి 120 వోల్టులు. మన 230 నేరుగా ఇస్తే మోటారు, టైమరు పోతాయి. హీటర్ ఒక్కటే 20 ఆంపియర్ల పైన లాగుతుంది, మన సాకెట్ దానికి సరిపోదు. దయచేసి తెచ్చుకోకండి.

మళ్ళీ మీ దగ్గరికి వస్తాను. బాగయ్యాక, నడుస్తుండగా కరెంటు పోతే వెంటనే తలుపు తీసి బట్టలన్నీ బయటికి లాగి పరచండి. వేడి బట్టల కుప్ప మూసిన డ్రమ్ములో ఉండకూడదు. చివర్లో చల్లగాలి తిరిగే పది నిమిషాలు ఉంటాయి, టైం లేదని మధ్యలో ఆపకండి. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద నడపకండి, ఇంటికిచ్చే లోడు దానికి చాలదు. పాప ఒంటికి నూనె రాసిన గుడ్డలు, తలంటు తువ్వాళ్ళు, వంటింటి మసిగుడ్డలు డ్రయ్యర్‌లో వేయకండి. ఉతికినా నూనె కొంత మిగులుతుంది, వేడిగా కుప్ప పెడితే దానంతట అదే రాజుకునే ప్రమాదం ఉంది. పసిపిల్లలున్న ఇళ్ళలో ఇది మరీ మరీ చెప్తాను.

బాగయ్యేదాకా పాప బట్టలకి వాషింగ్ మెషీన్‌లో స్పిన్ రెండోసారి పెట్టండి, 1,000 ఆర్‌పీఎం ఉంటే అక్కడే చాలా నీళ్ళు పోతాయి. తర్వాత గదిలో దండెం మీద విడివిడిగా వేసి ఫ్యాను కింద ఉంచండి, కిటికీ కాస్త తెరిచి పెట్టండి. సన్నటి బట్టలు రాత్రికి రాత్రే ఆరిపోతాయి.

మెకానిక్ వచ్చాక నాలుగు సంగతులు రాయండి: హీటర్ ఎన్ని ఓమ్స్, ఫ్యూజ్ కలిసి ఉందా తెగిందా, థర్మోస్టాట్ మీద రాసిన డిగ్రీలు, సాకెట్ దగ్గర వోల్టేజీ. వీలైతే పైపు బయట మూతి ఫొటో కూడా పెట్టండి. చూసి చెప్తాను.